మూడో గడి లేని కాగితం

ఆ సోమవారం పొద్దున వెంకటనర్సు వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. ఏడింటికి ఇడ్లీ తినాలి. ఎనిమిదింటికి చొక్కా ఇస్త్రీ చేసుకోవాలి. పదింటికి ఆఫీసులో సమావేశం పెట్టాలి. పన్నెండు కొట్టేలోగా బావకు మోకాళ్ళు తెప్పించాలి.

మొదటి మూడూ జరిగాయి. ఇడ్లీ మెత్తగా వచ్చింది, చొక్కా గట్టిగా నిలబడింది, సమావేశం సాయంత్రం దాకా సాగింది. నాలుగోదాని సంగతే ఈ కథ.

బావ పేరు లింగస్వామి. వెంకటనర్సు అక్క రాజమణికి భర్త. ఉండేది నకిరేకల్‌లో. ఇంటి నడిమి గదిలో నేల తవ్వి, ఆ గుంటలోకి కాళ్ళు జారవిడిచి, నలభై ఏళ్ళుగా మగ్గం నేస్తున్నాడు. పైన చేతులు అడ్డపోగు మోసే నాడె విసురుతుంటే కింద కాళ్ళు చెక్కలు తొక్కుతూ ఉండాలి. ఒక్కో చీరకు వేల తొక్కుళ్ళు. చీరల్లో పోగులు చెక్కు చెదరలేదు గాని, మోకాళ్ళలో చిప్పలు చెదిరాయి. అందరికీ ఉండేది తలరాత, లింగస్వామికి దక్కింది కాలిరాత. దవాఖానలో డాక్టరు ఫోటో తీసి, వెలుతురుకు పట్టి చూసి, "ఇగ తొక్కుడు బంద్ పెట్టు పెద్దాయనా" అన్నాడు. "తొక్కుడు బందైతే నేతా బందే గద సారూ" అన్నాడు లింగస్వామి. దానికి డాక్టరు దగ్గర మందు లేదు.

మందు నల్లగొండలో ఉంది. పానగల్ రోడ్డు మీద, ఇనుప సామాన్ల దుకాణం పైన, ఒక కిరాయి గదిలో 'పాదసేవ' అనే అంకుర సంస్థ అప్పుడే మొలకెత్తింది. మొలకెత్తించింది ఇద్దరు: అశోక్‌కుమార్, శ్రీదేవి. ఇద్దరూ ఇంజనీరింగు చదివారు, ఇద్దరిదీ హాలియా దిక్కు. ఇళ్ళల్లో వరి మడులే గాని మగ్గం నీడ కూడా ఎరగరు. కాలేజీలో ఉండగా ఒకసారి నేతకారుల వాడకు వెళ్ళి, గుంటలోంచి లేవలేక గోడ పట్టుకున్న ఒక ముసలామెను చూసి, ఆ పొద్దే ఒక బొమ్మ గీసుకున్నారు. బొమ్మ పెట్టె అయింది. హార్మోనియం అంత చెక్కపెట్టె. లోపల రెండు స్ప్రింగులు, ఒక మీట. మగ్గం కింద చెక్కలకు తగిలిస్తే, బొటనవేలు ఆనిస్తే చాలు, మిగతా బరువంతా స్ప్రింగే తొక్కుతుంది. కరెంటు లేదు, మోటారు లేదు. చేనేత చేనేతగానే ఉంటుంది, కాలివాత మాత్రం తప్పుతుంది.

వాళ్ళ పద్ధతి వాళ్ళది. పొద్దున ఆలోచన, పగటికి చెక్క, సాయంత్రానికి మగ్గం. ఒక శుక్రవారం నాలుగింటికి మార్చిన స్ప్రింగును ఐదింటికల్లా నకిరేకల్‌లో బిక్షమ్మ మగ్గానికి తగిలించారు. బిక్షమ్మ వేలు ఆనించింది. పెట్టె గుర్రంలా తన్నింది. మగ్గం మీద నిలువునా పరిచిన పడుగులో మూడు వందల పోగులు పటపటమని తెగిపోయాయి.

"ఫికర్ చెయ్యకు అమ్మా, మా పద్ధతే గిది. జల్ది ఫెయిలైతం, జల్ది నేర్చుకుంటం" అన్నాడు అశోక్‌కుమార్, పెట్టె విప్పుకుంటూ.

"మీరు జల్ది ఫెయిలైతిరి బిడ్డా, బాగనే ఉంది. మూడు నూర్ల పోగులు ఒక్కొక్కటి నేను నిమ్మళంగ అతకాలె గద!" అంది బిక్షమ్మ.

ఆ పడుగు ఇచ్చిన సావుకారి మల్లేశ్ వచ్చి వీధి వినేట్టు అరిచాడు. అరుపు హైదరాబాదు దాకా వినబడింది. పాదసేవకు ఆసరాగా ఉన్న పెద్ద సంస్థ వాళ్ళు ఒకే ప్రశ్న అడిగారు: "మీ దగ్గర సమీక్షా విధానం ఏది?" సమీక్ష అన్న మాటలో శిక్ష లేదు గాని, ఆ రోజు పిల్లలిద్దరికీ అలాగే వినబడింది. కాగితం తెలిసిన మనిషి కోసం వెతికారు. అంకురానికి ఒక అంకుల్ కావలసి వచ్చాడు.

వెంకటనర్సు అలా వచ్చాడు. చేనేత సహకార సంఘంలో ఇరవయ్యారేళ్ళు గుమాస్తా. సంఘం మూతపడినా సంతకం మూతపడలేదు. ఆయన సంతకానికి నేతకారుల్లో పెద్ద పేరు. పూర్తి పేరు, కింద గీత, గీత కింద రెండు చుక్కలు. చదవకుండా ఒక్కనాడు పెట్టలేదు. చుట్టరికం చూసి ఒక్కరికి పెట్టలేదు. అశోక్‌కుమార్‌ది చురుకు, ఈయనది చురక. రెండూ కలిస్తే బండి సరిగ్గా నడుస్తుందని అందరూ అనుకున్నారు. అనుకోవడంలో తప్పు లేదు.

చేరిన మొదటి రోజే అశోక్‌కుమార్ అడిగాడు. "అంకుల్, మీ బావగారికి మోకాళ్ళు నొస్తయంటిరి గద. స్ప్రింగు మెత్తగ జేసినం. ఒక పెట్టె తయారుంది. రేపే పోయి పెట్టొద్దామా?"

వెంకటనర్సు గుండె లేచింది. కాని గుండె కంటే ముందు చెయ్యి లేచింది, కూడలిలో పోలీసు చెయ్యి లేచినట్టు.

"బావ గాబట్టే ఇయ్యొద్దు."

"అదేంది అంకుల్?"

"సంఘంల చూసిన బిడ్డా. అధ్యక్షుని సడ్డకునికి ముందు, సభ్యునికి ఎనుక. గట్లనే మునిగింది. నా బావకు పెట్టె వస్తే రూలు మీద రావాలె. దొడ్డి తొవ్వల గాదు, రాచబాట మీద రావాలె. ఎవ్వడు వేలు చూపెట్టొద్దు."

ఆ రాచబాట వేయడానికే సోమవారం సమావేశం. ఆయన లెక్క సూటిగా ఉంది. నలభై ఏళ్ళ నేత, అరిగిన మోకాళ్ళు. ఏ న్యాయమైన పద్ధతిలో చూసినా మొదటి పెట్టె బావదే. కాబట్టి పద్ధతిని వీలైనంత న్యాయంగా తయారు చేస్తే సరిపోతుంది. పాపం, బావ మీద ప్రేమతోనే ప్రతి నియమమూ రాశాడు.

దరఖాస్తుల మీద పేర్లు ఉండవు, నంబర్లే ఉంటాయి. ఒకరి చుట్టాల మగ్గం ఆ ఒకరు తనిఖీ చేయరాదు. తనిఖీ నెల ఆఖరి పనిదినాన జరుగుతుంది. ఫలితం వచ్చి, అప్పీలు గడువు పదిహేను రోజులూ ముగిసేదాకా దరఖాస్తుదారులతో మాట్లాడరాదు. బిక్షమ్మ పోగుల పుణ్యమా అని, ప్రతి జవాబుకూ ఒక నకలు పడుగు ఇచ్చిన సావుకారికి పోవాలి. చివరగా, పెట్టె గడప దాటాలంటే నాలుగు సంతకాలు పడాలి: ఆఫీసులో ముగ్గురివి, ఆ పెట్టె మీద ఒక చీర నేసి చూసిన నేతకానిది ఒకటి.

అశోక్‌కుమార్ కాగితం రెండుసార్లు చదివాడు. "అంకుల్, చీర నేయాలంటే పెట్టె బయటికి పోవాలె. పెట్టె బయటికి పోవాలంటే చీర నేసినాయన సంతకం కావాలె. మరి మొదటి పెట్టె ఎట్ల పోతది?"

వెంకటనర్సు కాగితం వెనక్కి తీసుకుని తనూ ఒకసారి చదివాడు. కింద దుకాణంలో ఎవరో రేకు కోస్తున్న చప్పుడు.

"దీని మీద ఒక ఉపసంఘం వేద్దాం" అన్నాడు వెంకటనర్సు.

"ఉన్నది ముగ్గురమే గద సార్" అంది శ్రీదేవి.

"అయితే ముగ్గురం ఉపసంఘం."

ముగ్గురూ లేచి, కుర్చీలు కిటికీ దగ్గరికి జరుపుకుని, ఉపసంఘమై కూర్చున్నారు. సాయంత్రం ఆరింటికి ఉపసంఘం తేల్చింది: తనిఖీలో నెగ్గిన ఒకరికి మొదటి పెట్టె షరతు మీద ఇవ్వాలి, సంతకం తరవాత తీసుకోవాలి. ఉపసంఘం కుర్చీలు మళ్ళీ బల్ల దగ్గరికి జరుపుకుని సంఘమై, ఉపసంఘం మాటను ఆమోదించింది.

ఆ సాయంత్రమే వెంకటనర్సు బావకు ఫోన్ చేశాడు. "బావా, దరఖాస్తు పెట్టు. మన సుట్టరికం ఎవ్వలకు చెప్పకు. ఇగ అంతా తేలేదాక మనిద్దరం మాట్లాడుకోవద్దు. అక్కకు గూడ చెప్పు."

"నీతోని మాట్లాడకుంటే నాకు మోకాళ్ళొస్తయా బామ్మర్దీ? గీ ముచ్చట ముందే చెప్తే పెండ్లినాడే మాట్లాడుడు బంద్ జేస్తుంటి గద!" అని లింగస్వామి పకపకా నవ్వాడు. ఆ నవ్వు వినడం వెంకటనర్సుకు మళ్ళీ నెలన్నర దాకా కుదరలేదు.

దరఖాస్తుల్లోంచి ఐదు నంబర్లు మిగిలాయి. ఐదూ నకిరేకల్‌వే. నెల ఆఖరి పనిదినాన శ్రీదేవి అట్ట మీద కాగితాలు పెట్టుకుని బస్సెక్కింది. కాగితం మీద ప్రశ్న ఒకటే: మగ్గం నడుస్తున్నదా? ఎదురుగా రెండు గడులు. 'నడుస్తున్నది' ఒకటి, 'నడవడం లేదు' ఒకటి.

మొదటి ఇంట్లో మగ్గం ఆగి ఉంది. రెండో ఇంట్లోనూ అంతే. మూడో ఇల్లు లింగస్వామిది. మగ్గం మీద ఉతికిన తువ్వాల పరిచి ఉంది, పక్కన అగరువత్తి వెలుగుతోంది. లింగస్వామి తెల్ల చొక్కా వేసుకుని, మోకాళ్ళకు నూనె రాసుకుని, మంచం మీద కూర్చున్నాడు.

"ఇయ్యాల అమాస బిడ్డా" అన్నాడు. "అమాసనాడు మగ్గం ముట్టం. మా తాతల కాడికెంచి గంతే. రేపు రా, ఎంతసేపంటే అంతసేపు నేసి చూపెడ్త."

శ్రీదేవికి అమావాస్య తెలుసు, మగ్గమూ తెలుసు. రెండింటికీ చుట్టరికం ఉందని మాత్రం ఇప్పుడే తెలిసింది. గడప దిగి ఆఫీసుకు ఫోన్ చేసింది.

"సార్, మూడో గడి లేదు."

"ఏం మూడో గడి?"

"నడుస్తున్నది అని ఒకటుంది, నడవడం లేదు అని ఒకటుంది. ఇక్కడైతే మగ్గం నడుస్తలేదు, కానీ..."

"'కానీ' అనే గడి నేను పెట్టలేదమ్మా."

"వీళ్ళొక కారణం చెప్తుండ్రు సార్..."

"కారణం చెప్పకు! పేరు చెప్పకు! ఊరు గూడ చెప్పకు!" వెంకటనర్సు కంగారుగా ఫోను చెవికి దూరంగా పట్టుకున్నాడు, పొరపాటున వినబడుతుందేమోనని. "ఆగిన మగ్గాలోళ్ళు చెప్పిన కారణాలు రాస్తే సంఘంల బీరువాలు నిండినయి. కంటితోని చూసింది రాయి, చెవితోని విన్నది రాయకు."

శ్రీదేవి కంటితో చూసింది. గడిలో గీత పెట్టింది. లింగస్వామి ఆమెను కూర్చోబెట్టి చాయ్ తాగించాడు.

"మీ ఆఫీసుల పెద్దసారు ఎసొంటోడు బిడ్డా?" అని అడిగాడు, ఏమీ ఎరగనట్టు.

"చానా కరెక్ట్ మనిషి పెద్దయ్యా."

"అవునవును. కరెక్టే" అని లింగస్వామి మీసాల్లో నవ్వుకున్నాడు.

మర్నాడు సమీక్ష. ఐదు మగ్గాలకు ఐదూ 'నడవడం లేదు'. అశోక్‌కుమార్ తల గోక్కున్నాడు. "ఐదుకైదు ఆగిపోయినయా? ఒక్కసారి ఫోన్ జేసి అడుగుదాం అంకుల్. రెండు నిమిషాల పని."

"రెండు నిమిషాల పనులే రెండు వందల పంచాయితీలు తెస్తయి. మాట్లాడొద్దని రూలు రాసుకున్నం గద" అన్నాడు వెంకటనర్సు.

శ్రీదేవి నోరు తెరిచింది. ఆయన చెవి చూపించి, వేలు అడ్డంగా ఊపాడు.

ఆ ఐదింటిలో బావ నంబరు ఉందేమోనన్న అనుమానం వెంకటనర్సుకు రాకపోలేదు. బావ మగ్గం ఎందుకు ఆగుతుంది, ఆయన ఈ ఐదుగురిలో ఉండడు, ఉంటే నెగ్గేవాడు అని సర్దిచెప్పుకున్నాడు. నంబరు వెనక పేరు చూడాలనిపించిన వేళ్ళను మెచ్చుకోలుగా మడిచి పెట్టుకున్నాడు. ఐదు కాగితాల మీదా సంతకం చేశాడు. పూర్తి పేరు, గీత, రెండు చుక్కలు.

ఉత్తరాలు వెళ్ళాయి. "తమ మగ్గం నడవడం లేదని తనిఖీలో తేలినందున, తమరిని నేత మానుకున్నవారిగా పరిగణించడమైనది." నకలు సావుకారి మల్లేశ్‌కు. చిరునామాలు అంటించింది శ్రీదేవి. వెంకటనర్సు ఆ పూట గోడ వైపు తిరిగి కూర్చున్నాడు.

నాలుగో రోజున రాజమణి ఫోన్ చేసింది. బల్ల మీద ఫోను చేపపిల్లలా ఎగిరెగిరి పడింది. తెర మీద 'అక్క' అని ఉంది. అప్పీలు గడువు ఇంకా పదకొండు రోజులు. వెంకటనర్సు ఫోను మీద రుమాలు కప్పాడు. ఐదో రోజున మళ్ళీ చేసింది. ఏడో రోజున మళ్ళీ చేసింది. ఆ తరవాత చేయలేదు. అక్క కూడా రూలు అర్థం చేసుకుందని ఆయన సంతోషించాడు.

పన్నెండో రోజు పొద్దున పదకొండింటికి మెట్లు దడదడలాడాయి. బిక్షమ్మ. చేతిలో నూనె మరకల ఉత్తరం, అందులో రెండు మిర్చి బజ్జీలు.

"ఎవలు రాసింది నేను నడుస్తలేనని? నడుసుకుంటనే వచ్చిన మెట్లెక్కి, సూడుర్రి!"

"నువ్వు గాదమ్మా, మగ్గం..." అన్నాడు అశోక్‌కుమార్.

"అమాసనాడొచ్చి మగ్గం నడుస్తలేదంటే, ఐతారం నాడొచ్చి బడి బందయిందని రాస్తారు గదా మీరు!"

వెంకటనర్సు చెయ్యి చాచి గోడ మీది క్యాలెండర్‌లో పోయిన నెల కాగితం తిప్పి చూశాడు. నెల ఆఖరి పనిదినం. ఆ గడిలో గుండ్రటి నల్ల చుక్క. నెలన్నరగా ఆ గోడ ముందే కూర్చున్నాడు. తండ్రి బతికి ఉండగా ఆ చుక్క నాడు ఇంట్లో మగ్గం చప్పుడు వినబడేది కాదు. పిల్లలందరికీ ఆ రోజు పండగ.

"ఉత్తరం చూసి అందరేమన్నరు?" అని నెమ్మదిగా అడిగాడు.

"ఏమంటం? నవ్వినం. మల్లేశ్ సావుకారి గూడ నవ్విండు. ఎప్పటిలెక్కనే పడుగులిచ్చిండు. ఒకాయన పాపడాలు చుట్టుకుండు, నేను బజ్జీలు చుట్టుకున్న." బిక్షమ్మ గొంతు తగ్గింది. "గా లింగస్వామన్ననే..."

ఆ ఐదు నంబర్లలో బావది కూడా ఉందని వెంకటనర్సుకు ఆ క్షణంలో తెలిసింది. "బావకేమైంది?"

"అందరం నవ్వినం. ఆయనొక్కడు నమ్మిండు. 'గిది నర్సు సంతకం, సదవకుండ పెట్టడు' అన్నడు. పడుగు తీసుకోలే. పొద్దుగాల నేనొచ్చెటప్పుడు గుంట పూడుస్తుండె."

వెంకటనర్సు లేచాడు. తయారుగా ఉన్న పెట్టెను రెండు చేతులా ఎత్తుకున్నాడు.

"అంకుల్, అత్యవసర సమావేశానికి ఏడు రోజుల నోటీసు..." అన్నాడు అశోక్‌కుమార్. వాడిది వెటకారం కాదు. అలవాటు చేసింది ఎవరు మరి!

"సంతకాల సంగతి నేనొచ్చినంక చూద్దాం!"

ఇరవయ్యారేళ్ళలో ఆయన నోట రాని మాట అది. శ్రీదేవి తలుపు తెరిచి పట్టుకుంది.

నకిరేకల్ బస్సులో బిక్షమ్మ కిటికీ పక్క, వెంకటనర్సు ఇవతల, పెట్టె ఒళ్ళో. కండక్టరమ్మ వచ్చింది.

"గిదేంది పెద్దాయనా, భజన హార్మోనియమా? సామాను టికెట్ తీసుకోవాలె."

"హార్మోనియం గాదమ్మా. మోకాళ్ళు."

కండక్టరమ్మ పెట్టె వంక, మనిషి వంక చూసింది. "ఆడోళ్ళయా, మగోళ్ళయా? ఆడోళ్ళయైతే ఫ్రీ."

బస్సంతా నవ్వింది. వెంకటనర్సు మాత్రం నిజంగా ఆలోచించి, "మగోళ్ళయే తల్లీ. ఇయ్యి టికెట్" అన్నాడు. అంతలో బస్సు గతుకులో పడింది, కొక్కెం ఊడింది, మీట లేచి ముందు సీటును ధడాలున తన్నింది. ముందాయన నిద్రలోంచి ఎగిరి "ఎవడ్రా?" అన్నాడు. "ఎవలు గాదు, నా పోగులు తెంపింది గిదే" అని బిక్షమ్మ పరిచయం చేసింది. మిగిలిన దారంతా వెంకటనర్సు ఆ మీటను అరచేత్తో అదిమి పట్టుకునే ఉన్నాడు. బావకు చెప్పాల్సిన మాటలు లోపలే పేర్చుకున్నాడు: తప్పు నాది, అమావాస్య సంగతి మరిచిన, నీ నంబరని తెల్వదు, గుంట ఆపు.

గుంట అయిపోయింది. నడిమి గదిలో నేల ఎప్పుడూ అలాగే ఉన్నట్టు చదునుగా ఉంది. తడి మట్టి మీద చీపురు గీతలు. మగ్గం కర్రలు విప్పి, తాడుతో కట్టి, మూలకు ఆనించి ఉన్నాయి. లింగస్వామి మంచం మీద కూర్చుని మోచేతుల మట్టి కడుక్కుంటున్నాడు. బావమరిదిని చూసి మొహం విప్పారింది.

"రా బామ్మర్దీ! గడువు ఎళ్ళిందా? ఇగ మాట్లాడుకోవచ్చా?"

వెంకటనర్సు నోరు తెరిచాడు. లింగస్వామే అందుకున్నాడు.

"నీకు దండం రా అయ్యా. మీ అక్క రోజు లొల్లి, మానెయ్యి మానెయ్యి అని. డాక్టరు చెప్పె. ఇనబుద్ధి గాలె. గా ఉత్తరం వచ్చినంక కూసొని ఆలోచన జేసిన. అమాసనాడు మగ్గం నడ్వదని నీకెరుక లేదా? మగ్గమున్న ఇంట్ల పుట్టినోనివి. ఎరుకుండి 'నేత మానుకున్నడు' అని సంతకం పెట్టినవంటే ఏంది మతలబు? 'బావా, ఇగ చాలించు' అని మొఖం మీద చెప్పలేక కాగితం మీద చెప్పినవ్. గంతే గద?"

వెంకటనర్సు గుమ్మం వైపు చూశాడు. బిక్షమ్మ తల వంచుకుని నిలబడి ఉంది. రాజమణి వంటగది తలుపు దగ్గర చెంబు పట్టుకుని, తమ్ముణ్నే చూస్తోంది. బస్సులో పేర్చుకున్న మాటలు ఒక్కటీ పనికి రాలేదు. నిజం చెబితే ఈ మట్టి ఊరికే పోసినట్టవుతుంది.

"అవును బావా" అన్నాడు. "గందుకే."

అబద్ధం చెప్పడం ఆయనకు అదే మొదలు.

"మరి పెట్టెందుకు తెచ్చినవ్?"

"గిది... బిక్షమ్మకు." వెంకటనర్సు పెట్టెను మంచం మీద పెట్టాడు. "నువ్వొకసారి చూస్తే నమ్మకమని తెచ్చిన."

లింగస్వామి చేతులు తుడుచుకుని పెట్టెను ముందుకు లాక్కున్నాడు. మూత తీయలేదు, బొమ్మ అడగలేదు. కళ్ళు మూసుకుని, కాలు పెట్టవలసిన చోట అరచెయ్యి పెట్టి, నాలుగుసార్లు అదిమాడు. ఎడమ, కుడి, ఎడమ, కుడి. చేతికి ఆ లయ వచ్చిన వెంటనే భుజం దానంతటది కదిలింది, నాడె విసురుతున్నట్టు. ఆగి, కళ్ళు తెరిచాడు.

"కుడి దిక్కుది బిరుసుంది. అర సుట్టు వదులు చెయ్యి. లేకుంటే ఈమె పోగులు మల్ల తెగుతయి."

వెంకటనర్సు జేబులోంచి రూపాయి బిళ్ళ తీసి మర తిప్పాడు. లింగస్వామి మళ్ళీ అదిమాడు. "ఆఁ. గిప్పుడు ఎన్నపూస. గింత సంగతి మీ మీటింగులల్ల ఎవ్వలు చూడలేదా?"

"చూసినం బావా. కంటితోని చూసినం."

నాలుగో సంతకం కాగితం వెంకటనర్సు చేతిసంచిలోనే ఉంది. తీసి ఇచ్చాడు. లింగస్వామి వేలు పెట్టి కూడబలుక్కుని చదివాడు. "'దీని మీద చీర నేసి చూసిన నేతకాని సంతకం'... నేను నేయలే గద నర్సూ. అబద్ధం గాదా? నువ్వు ఒప్పుకోవు గద గిసొంటివి."

"పెట్టు బావా."

లింగస్వామి పెట్టాడు. మట్టి పూర్తిగా పోని వేలి గుర్తు కూడా పక్కన పడింది.

"గుంట మల్ల తవ్వుదం" అన్నాడు వెంకటనర్సు ఉన్నట్టుండి. "నేను తవ్వుత. గడ్డపార ఏడుంది?"

"తవ్వి? నాకియ్యాల్సిన పడుగు ఈమెకియ్యమని నేనే మల్లేశ్‌కు చెప్పిన. నిన్న ఎక్కిచ్చింది. ఎక్కిన పడుగు దించుతరా ఎవరన్న?" అని, బిక్షమ్మ వైపు తిరిగాడు. "మంచి పోగు బిక్షమ్మా. జాగ్రత్తగ నెయ్యి. అంచుకాడ తొందరపడకు."

బిక్షమ్మ పెట్టెను చంకన పెట్టుకుని, ఎవరి మొహమూ చూడకుండా వెళ్ళిపోయింది. ఆ సాయంత్రానికి ఆమె మగ్గం నడుస్తోంది. వెనక వీధి నుంచి చప్పుడు ఈ ఇంట్లోకి వినబడుతోంది. లింగస్వామి వేళ్ళు మంచం పట్టె మీద ఆ చప్పుడు వెంట కదిలాయి. కాసేపటికి ఆయన రెండు చేతులూ తొడల కింద పెట్టుకున్నాడు.

రాజమణి తమ్ముడికి చాయ్ గ్లాసు అందిస్తూ, భర్తకు వినబడకుండా అంది.

"మూడుసార్లు ఫోన్ జేసిన తమ్ముడా. అమాస అని చెప్దామని."

వెంకటనర్సు చాయ్ తాగలేదు. అది చేతిలోనే చల్లారింది.

ఆ నెల నుంచి పాదసేవలో పద్ధతి మారింది. పెట్టె తయారవగానే ముందు ఒక నేతకాని అరచేతి కిందికి వెళుతుంది, ఆ తరవాతే కాగితం మీదికి. సమావేశం నిలబడే జరుగుతుంది, చాయ్ చల్లారకముందే ముగుస్తుంది. కాగితంలో మూడో గడి కూడా వచ్చింది. పైన 'ఎందుకు?' అని రాసి, కింద సగం పేజీ ఖాళీ వదిలారు. పెట్టెలు మగ్గాలకు వెళుతున్నాయి, పోగులు తెగడం లేదు, హైదరాబాదు వాళ్ళు మెచ్చుకున్నారు.

లింగస్వామి నకిరేకల్ బైపాసు దగ్గర ఒక ఫంక్షన్ హాలు గేటు ముందు కొలువులో చేరాడు. వచ్చిన బండి నంబరు, పోయిన బండి నంబరు రాసుకోవడమే పని. ఎవరినీ ఆపనక్కరలేదట.